పన్నెండు వోల్టులే కదా

ప్రార్థన మధ్యలో కారు హారన్ మోగింది.

రత్నమణి కళ్లు తెరవలేదు. తెరిస్తే ఓడిపోయినట్టే అనుకుని, ఆగిన మాట దగ్గరే మళ్లీ అందుకుంది. "ఈ దినమంతా మా ఇంటిమీద నీ కాపుదల ఉంచు ప్రభువా" అంది కాస్త గట్టిగా. హారన్ ఆమెకంటే గట్టిగా ఉంది. మనిషి నొక్కితే మోగే మోత కాదది. ఆగి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ మొదలుపెట్టే మోత. ఎదురింటి పోతమ్మ తన అరుగు మీంచి "ఏటే మణీ, ఎవులికేటైందే?" అని కేకేసింది.

ఆమెన్ అనకుండానే రత్నమణి లేచింది. పెళ్లయిన ముప్పై అయిదేళ్లలో అలా లేచిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాటిలో నాలుగు ఈ నెలలోవే.

బయట రేకుల షెడ్డు కింద కారు నోరు తెరుచుకుని ఉంది. ఆమె భర్త జ్ఞానదాసు సగం ఆ నోట్లో, సగం బయట ఉన్నాడు. లుంగీ ఎగ్గట్టి, బనీను మీద పాత ప్లాంటు చొక్కా తొడిగాడు. అద్దానికి ఆనించిన ఫోన్లో గడ్డం మనిషి ఒకడు హిందీలో నవ్వుతూ ఏదో చెబుతున్నాడు. జ్ఞానదాసుకి హిందీ అంతంతమాత్రం. ఆ మనిషి చేతులు చూసి పని నేర్చుకుంటున్నాడు.

"ఏటండీ అది?"

"హారను."

"హారనని పోతమ్మకీ తెల్సు. ఎందుకు మోగతందని అడుగుతన్నాను."

"అదే సూత్తన్నాను. బ్యాటరీ వైరు తీసి మళ్లీ పెట్టాను. దొంగెవుడో వొచ్చీసాడనుకుంటంది ఇది."

"సరిగ్గానే అనుకుంటంది."

జ్ఞానదాసు ఓ నల్ల డబ్బా మూత తీసి అందులోంచి చిన్న ఫ్యూజు పీకాడు. మోత ఆగింది. అదే క్షణంలో నాలుగు తలుపులకీ టక్కున తాళం పడింది. తాళంచెవి లోపల, డ్రైవరు సీటు మీద పడుకుని ఉంది. ఇద్దరూ కాసేపు కిటికీలోంచి దాన్ని చూశారు.

"రెండో తాళంచెవి నీ బైబిల్లో కదేటి ఉంది," అన్నాడు జ్ఞానదాసు, అది అక్కడ ఉండటం కూడా ఆమె పొరపాటే అన్నట్టు.

రత్నమణి లోపలికి వెళ్లింది.

ఆమె బైబిలుకి జిప్పున్న నల్లటి కవరు ఉంది. దాని లోపలివైపు చిన్న అర. ముప్పై నాలుగేళ్లు ఆ అరలో ఉన్నది తాళంచెవి కాదు, జ్ఞానదాసు పెళ్లి ఉంగరం. ఆయన స్టీల్ ప్లాంటులో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ మనిషి. వేల వోల్టుల మోటార్ల దగ్గర పని. వేలికి ఉంగరం, చేతికి గడియారం ఉన్నవాణ్ని పని దగ్గరికి రానివ్వరు. అందుకని డ్యూటీకి బయల్దేరేముందు గుమ్మం దగ్గర నిలబడి ఆయన ఉంగరం తీసి ఆమె అరచేతిలో పెట్టేవాడు. ఆమె దాన్ని గుప్పిట్లో బిగించి ఒక్క నిమిషం ప్రార్థించి అరలో దాచేది. ఏ షిఫ్టుకి ఏ వేళకి వెళ్లినా అంతే. ఆయన తిరిగొచ్చి కాళ్లు కడుక్కున్నాక మళ్లీ ఇచ్చేది.

మిగతా ఆడవాళ్ల భర్తలు ఉంగరాలతోనే తిరుగుతారు. తన భర్త వేలు మాత్రం రోజులో సగం బోసిగా ఉంటుందని ఆమెకి లోపల చిన్న వెలితి. అందుకే కిందటేడు రిటైరైనప్పుడు కృతజ్ఞత కూడిక పెట్టించి, పాస్టరు గారిచేత ప్రార్థన చేయించి, సంఘమంతా చూస్తుండగా ఆ ఉంగరం తనే ఆయన వేలికి తొడిగింది. "ఇంక దీన్ని తియ్యక్కర్లేదు. ప్రభువు పిలిచినదాకా ఇక్కడే ఉంటాది," అంది. అందరూ చప్పట్లు కొట్టారు. కూతురు అక్సా ఏడ్చింది కూడా.

రిటైరయ్యాక జ్ఞానదాసు కొంచెం ఒళ్లు చేశాడు. ఉంగరం బిగిసింది. ఇప్పుడు తియ్యాలన్నా తేలిగ్గా రాదు. అది మంచి గుర్తేనని రత్నమణి అనుకుంది.

* * *

ఆ కారు కొన్నది సంఘానికి వెళ్లిరావడానికీ, రుషికొండ దగ్గర ఉద్యోగం చేస్తున్న అక్సా దగ్గరికి అప్పుడప్పుడు వెళ్లడానికీ. ప్లాంటులో తోటి పనివాడు సూరన్న వాడుకుని అమ్మిన బండి. మొదటి రెండు నెలలు బాగానే తిరిగింది. తర్వాత జ్ఞానదాసు వెనక్కి తీస్తూ గేటుకి గుద్దాడు. గేటు వంగింది. గేటుని బాగు చేయించాల్సింది పోయి, వెనకేముందో చూపించే కెమెరా ఒకటి తెప్పించాడు. ఎవరిచేతనైనా బిగించుకోమంటే, "ముప్పై నాలుగేళ్లు మోటార్లు ఆడించినోణ్ని, ఆటబొమ్మ బిగించలేనేటి?" అన్నాడు.

బిగించాడు. అప్పట్నించి మూడు రోజులకోసారి బ్యాటరీ చచ్చిపోతోంది. ఆదివారం తెల్లచీర కట్టుకుని, బైబిలు పట్టుకుని కారెక్కి కూర్చుంటే అది కిక్కిక్కుమని దగ్గి ఊరుకుంటుంది. రెండు ఆదివారాలు షేరాటోలో ఏడుగురి మధ్య ఇరుక్కుని సంఘానికి వెళ్లింది ఆమె. కిందటి వారం ఆయన బ్యాటరీ ఊడదీసి వంటింట్లో పొయ్యి పక్కన చార్జింగుకి పెట్టాడు. కుళ్లిన గుడ్ల కంపు కొట్టింది. గుమ్మం దగ్గరే ముక్కు మూసుకుని, బ్యాటరీ బయటికి వెళ్లేదాకా అన్నం వండనని కూర్చుంది. మధ్యాహ్నం దాకా పొయ్యి వెలగలేదు. తర్వాత బ్యాటరీ బయటికి వెళ్లింది.

హారన్ మోగిన మర్నాడు గురువారం పొద్దున కారు మళ్లీ లేవలేదు. ఇక తన వల్ల కాదని రత్నమణి తనే కరీం బాషాకి ఫోన్ చేసింది.

కరీం బాషాకి గాజువాక మెయిన్ రోడ్డు మీద ఆటో ఎలక్ట్రికల్ షాపుంది. సొంతిల్లు వన్ టౌన్ పాతవీధుల్లో. ముప్పై ఏళ్లుగా పొద్దున అక్కణ్నుంచి వచ్చి సాయంత్రం వెళ్తాడు. ప్లాంటు వాళ్లందరి బళ్లూ ఆయన చేతి మీదివే. స్కూటరు దిగి, బానెట్లోకి ఒక్క చూపు చూసి, నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"దాసు బావా, ఈ ఎర్ర వైరెవుడు పెట్టాడు?"

"నానే."

"కెమెరాకేనా? నేరుగా బ్యాటరీ మీద కట్టీసావా?"

"మరెక్కడ కడతారు?"

"బండి ఆపినా కెమెరా ఆగదు బావా. నువ్వు పడుకుంటావు, అది రాత్రంతా గేటుని సూత్తా కూకుంటాది. పొద్దున్నకి బ్యాటరీ కాళీ. తాళం తిప్పితేనే కరెంటొచ్చే వైరు మీద కట్టాలి. మధ్యలో ఫ్యూజుండాలి."

రత్నమణి గుమ్మంలో నిలబడి, "సెప్పన్నా, గట్టిగా సెప్పు. నా మాటైతే ఈయన సెవికెక్కదు," అంది.

"ఇది సానా ఓపిగ్గా సెప్పడమే అక్కా. స్టీరింగు కింద మూత కూడా ఇప్పినట్టున్నాడు సూడు. బావా, అందులో గాలిసంచి, ఎయిర్ బ్యాగుంటాది. బ్యాటరీ మైనస్ తీసి పది నిముషాలు ఆగకండా ఆ పసుపుపచ్చ వైర్ల జోలికెళ్తే మూతి పగిలిపోద్ది. ఎవుడు సెప్పాడు నీకు ఇయన్నీ?"

జ్ఞానదాసు ఫోన్ జేబులోకి తోసేశాడు. "పన్నెండు వోల్టులే కదా బావా. నాలిక మీద పెట్టుకున్నా సావను. నాను సూసింది మూడు వేల మూడొందలు."

కరీం బాషా బ్యాటరీ మీద మోచెయ్యి ఆనించబోయి, ఆనించకుండా ఆగాడు. "మీ ప్లాంటులో వెల్డింగు సెట్టు ఎన్ని వోల్టులు మీద ఆడతాది?"

జ్ఞానదాసు కాస్త ఆలోచించి, "పాతికో ముప్పయ్యో," అన్నాడు.

"ఆ పాతికకి ఇనుం కరుగుతాదా లేదా?"

"కరుగుతాది."

"వోల్టులు నిన్ను కొట్టవు, నిజమే. కరెంటు కాలుస్తాది. బ్యాటరీకి దయా దాచ్చిణ్యం ఉండవు. ప్లస్సుకీ బండి బాడీకీ మధ్య ఇనుప ముక్క పడిందంటే ఉన్నదంతా ఒక్కసారి దాన్లోంచి తోసీద్ది." అప్పుడు ఆయన చూపు జ్ఞానదాసు కుడిచేతి మీద ఆగింది. "ముందు ఆ ఉంగరం తీసీ బావా."

జ్ఞానదాసు భార్యవైపు చూశాడు.

"అది తియ్యరన్నా," అంది రత్నమణి. "అది పెళ్లి ఉంగరం. ప్రార్థన సేసి తొడిగింది."

కరీం బాషా వాదించలేదు. తన కుడిచెయ్యి చాచి ఆమెకి చూపించాడు. ఉంగరపు వేలు చుట్టూ తెల్లటి గీత ఉంది. ఉంగరం పెట్టుకున్నట్టే ఉంది, కానీ ఉంగరం లేదు.

"ఇదీ ప్రార్థన సేసిందే అక్కా. నిఖాలో మా మావ తొడిగాడు. వెండిది, ఫిరోజా రాయి. లారీ బ్యాటరీ ఇప్పుతుంటే స్పానరుకీ బాడీకీ మధ్య పడింది. ఒక్క సెకను. మా ఇంటిది షంషాద్ మూడు నెలలు నాకు అన్నం కలిపి పెట్టింది."

"అయ్యో," అంది రత్నమణి. అంది గానీ, ఎక్కడో ఓ మూల కోపం కూడా వచ్చింది. బండి చూడమని పిలిస్తే, ఈయన వచ్చి భార్యాభర్తల ఉంగరం గురించి మాట్లాడతాడేమిటి? లారీ వేరు, ఈ చిన్న కారు వేరు. పైగా సంఘమంతా చూసింది. ఇప్పుడు తియ్యమంటే పాస్టరమ్మ గారు ఏమనుకుంటారు?

కరీం బాషా బ్యాటరీని షాపుకి పట్టుకెళ్లి, సాయంత్రానికి నిండా చార్జి చేసి తెచ్చి బిగించాడు. కెమెరా వైరు పీకేసి పక్కకి చుట్టిపెట్టాడు. స్కూటరెక్కుతూ ఇంకోసారి చెప్పాడు. "రేపు జుమ్మా నమాజయ్యాక వొచ్చి కెమెరా నానే కడతాను. అందాకా ఇందులో వేలు పెట్టకు. పెట్టక తప్పకపోతే తాళం తీసీ, ఉంగరం తీసీ, ముందు మైనస్ ఇప్పు. మైనస్ ఊడితే స్పానరు ఎక్కడ తగిలినా ఏటవ్వదు. ప్లస్సు ముందిప్పేవంటే సూసుకో మరి. అక్కా, నీకే సెప్తన్నాను. ఈయనికి కాదు."

"నాకెందుకన్నా సెప్తావు, నానేటి బండి ఇప్పుతానా?" అంది రత్నమణి.

* * *

శుక్రవారం పొద్దున ఆమె ఇడ్లీపిండి గిన్నెల్లో పోస్తూ ఆ తెల్లటి గీత గురించే ఆలోచించింది. "ఆ ఉంగరం తీసి నాకిచ్చీండి" అని ఒక్క మాట అంటే అయిపోయేది. రెండుసార్లు వాకిట్లోకి వచ్చింది కూడా. మొదటిసారి ఆయన పేపరు చదువుతున్నాడు. రెండోసారి మొక్కలకి నీళ్లు పోస్తున్నాడు. నీళ్లు పోసేవాడితో ఉంగరం తియ్యమనడమేమిటని వెనక్కి వెళ్లిపోయింది. నిజానికి ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఎందుకాగిందో ఆమెకి తెలుసు.

"ఇడ్లీకి ఇంకెంతసేపు?" అని వాకిట్లోంచి అడిగాడాయన.

"పావుగంట."

"అయితే ఈలోగా ఓ పని సేసుకుంటాను."

"కరీం అన్న మధ్యాన్నం వొత్తాన్నాడు కదండీ."

"మైనస్ జోలికి ఎల్లనులే. ప్లస్సు నట్టు ఒక్కటే వొదులు సేత్తాను. కరీం వొచ్చీసరికి తయారుగా ఉంటాది."

మైనస్ జోలికి వెళ్లడట. కరీం బాషా చెప్పింది సరిగ్గా తలకిందులుగా పట్టుకున్నాడీయన. ఆ సంగతి రత్నమణి బుర్రకి ఎక్కేసరికి ఇడ్లీపాత్ర మూత చేతిలో ఉంది. దాన్ని కింద పెట్టలేదు. అలాగే పట్టుకుని పరిగెత్తింది.

గుమ్మం దాటేలోపే చప్పుడు వినిపించింది. పెద్దది కాదు. వెల్డింగు షాపు ముందునుంచి వెళ్తుంటే వినిపించే చిటపట లాంటిది, ఒక్కటే. తర్వాత స్పానరు సిమెంటు నేల మీద పడ్డ మోత. తర్వాత జ్ఞానదాసు గొంతులోంచి, ఆమె ముప్పై అయిదేళ్లలో ఎప్పుడూ వినని ఒక శబ్దం.

ఆయన కుడిచేతి మణికట్టుని ఎడమచేత్తో బిగించి పట్టుకుని నిలబడి ఉన్నాడు. కాలిన వాసన వస్తోంది. ఉంగరం మెరుపు పోయి నల్లబడింది. దానికి అటూ ఇటూ చర్మం పాల మీగడలా తెల్లగా అయింది.

"ఏట్లేదు," అన్నాడు జ్ఞానదాసు. "ఏట్లేదు మణీ. సిన్నది. పన్నెండు..."

"పన్నెండంటే నాను ఈ మూతతోనే కొడతాను," అంది రత్నమణి. ఆయన్ని కుళాయి దగ్గరికి లాక్కెళ్లి, నీళ్లు వదిలి, వేలు కింద పెట్టించింది. ఆయన చెయ్యి వెనక్కి లాక్కుంటుంటే మోచెయ్యి పట్టుకుని అదిమింది. ఇంకో చేత్తో కరీం బాషాకి ఫోన్ చేసింది. ఏం చెప్పిందో ఆమెకి తర్వాత గుర్తులేదు. వచ్చినవాడు మాత్రం, "ఇడ్లీ, ఉంగరం, ప్లస్సు అన్నావక్కా, అంతా అర్థమైపోయింది," అన్నాడు.

కరీం బాషా వస్తూనే మొదట జ్ఞానదాసు వైపు కాక కారు వైపు వెళ్లాడు. తన స్పానరుతో మైనస్ వైరు ఊడదీసి పక్కకి మడిచాడు. నేల మీది స్పానరు ఎత్తి చూశాడు. దాని పిడి మీద ఓ చోట ఇనుము కరిగి పొక్కులా లేచింది. బ్యాటరీని బిగించి ఉంచే ఇనుప పట్టీ మీద కూడా అలాంటిదే ఓ మచ్చ. ఆ రెంటికీ మధ్య ఉన్నది జ్ఞానదాసు వేలు.

"పదండి," అన్నాడు. ఆ మాట తప్ప ఇంకేమీ అనలేదు. తిట్టే మనిషి తిట్టకపోయేసరికి రత్నమణికి భయం వేసింది.

* * *

ఆటోలో జంక్షన్ దాకా వెళ్లి, అక్కడి చిన్న నర్సింగ్ హోంలో చూపించారు. డాక్టరు చూసి, మందు రాసి, ఇంకో గదిలో పేషెంటు దగ్గరికి వెళ్తూ నర్సుకి పని చెప్పాడు. నర్సు కోటు మీద శ్రీసత్య అని రాసి ఉంది. అక్సా వయసే ఉంటుంది. ట్రేలోంచి బుల్లి చక్రం ఉన్న పట్టకారు లాంటిది తీసింది.

"ఉంగరం కొయ్యాలండి. వేలు వాసిపోతంది. ఇది ఉంటే రక్తం ఆడదు."

"సబ్బు రాసి సూడమ్మా," అన్నాడు జ్ఞానదాసు.

"సబ్బా? లాగితే ఉంగరంతో పాటు తోలొచ్చీద్ది తాతగారూ."

"నూనె?"

"ఆలీసం సేస్తే రేపు కొయ్యాల్సింది ఉంగరం కాదు. వేలు. అర్థమవుతందా?"

జ్ఞానదాసుకి అర్థమైంది. అయినా చెయ్యి ముందుకి చాచలేదు. భార్యవైపు చూశాడు. నిన్న కరీం బాషా అడిగినప్పుడు చూసినట్టే చూశాడు.

రత్నమణికి ఒళ్లు మండింది. ఇంట్లో ఒక్క మాట వినడు. బ్యాటరీ వంటింట్లో పెట్టొద్దంటే పెడతాడు. ముట్టుకోవద్దన్న వైరే ముట్టుకుంటాడు. ఈ వయసులో వినడానికి ఇంకో మాట దొరక్క, ఈ ఒక్క మాట పట్టుకుని కూర్చున్నాడు. వేలు పోతోందంటే కూడా వదలడేం?

"నన్నెందుకలగ సూత్తారు?" అంది. "వేలు మీది."

"నువ్వే కదే తియ్యొద్దన్నావు. అందరి ముందరా."

అంతే అన్నాడు. తప్పుపట్టినట్టు కాదు. ప్లాంటులో ఆపిన మిషను మీద ఎర్ర చీటీ కట్టిన మనిషే వచ్చి తియ్యాలి, ఇంకెవరూ తియ్యకూడదని ఎన్నోసార్లు అన్నం తింటూ ఆమెకి చెప్పాడు. ఆ చీటీ ఎంత పెద్ద ఆఫీసరైనా ముట్టుకోడు. అదే లెక్కలో చెబుతున్నాడిప్పుడు. కట్టింది నువ్వు, నువ్వే తియ్యాలి.

గుమ్మం దగ్గర నిలబడ్డ కరీం బాషా గోడ మీది క్యాలెండరు చదవసాగాడు.

"కొయ్యండమ్మా," అంది రత్నమణి. ఆయన మోచెయ్యి పట్టుకుని చేతిని నర్సు ముందుకి జరిపింది. మళ్లీ అంది. "నానే సెప్తన్నాను. కొయ్యండి."

నర్సు ఉంగరానికీ చర్మానికీ మధ్య రేకు ముక్క దోపి, చక్రం పిడి తిప్పడం మొదలుపెట్టింది. సన్నటి గరగర చప్పుడు. జ్ఞానదాసు పళ్లు బిగించి పైకప్పుకేసి చూస్తూ, "ఇది ఎన్ని వోల్టుల మీద ఆడతాదమ్మా?" అన్నాడు.

"సేత్తో తిప్పేదండి. కదలకండి."

రత్నమణి కళ్లు మూసుకుంది. ప్రార్థించాలనుకుంది గానీ, ఏమని అడగాలో తోచలేదు. ముప్పై నాలుగేళ్లు ఈయన వేల వోల్టుల మధ్యకి వెళ్లాడు. ఒక్క గీత పడకుండా ఇంటికొచ్చాడు. ఆ రోజులన్నీ ఈ ఉంగరం తన గుప్పిట్లో ఉంది, బైబిల్లో ఉంది. వేలికి లేదు. అప్పుడు అది వెలితి అనుకున్నాను. తియ్యకూడదని అందరి ముందూ నేను మొక్కుకున్నదా నీకు ఇష్టమైంది ప్రభువా, లేక రోజూ గుమ్మం దగ్గర తీసి నా చేతిలో పెట్టాడే, అదా? రెండోదే అయితే నాకు ముందే ఎందుకు తోచలేదు? ఆ కరీం అన్న చెయ్యి చాచి మరీ చూపించాడే.

టక్కుమని చిన్న చప్పుడొచ్చింది. కళ్లు తెరిచింది. నర్సు రెండు పట్టకార్లతో ఉంగరాన్ని అటూ ఇటూ విడదీసి తీసి, ట్రేలో పెట్టింది.

"ఇంకో గంట ఆగి వొచ్చుంటే సెప్పలేమండి," అంది శ్రీసత్య. "ఈ వేలుంటాది."

అప్పుడు కరీం బాషా క్యాలెండరు చదవడం ఆపి, నిన్నటి నుంచి దాచుకున్న తిట్లన్నీ తీశాడు. నర్సింగ్ హోం బయట మెట్ల మీద జ్ఞానదాసుని నిలబెట్టి, ప్లస్సు దగ్గర మొదలుపెట్టి వంటింట్లో బ్యాటరీ దాకా ఒక్కోటీ అడిగాడు. జ్ఞానదాసు కట్టు కట్టిన చెయ్యి గుండెకి ఆనించుకుని తలొంచుకు విన్నాడు. మధ్యలో రత్నమణి, "ఫ్యూజు సంగతి మర్సిపోయావన్నా," అని అందించింది.

జుమ్మా వేళయిందని ఆయన వెళ్లిపోయాక, ఆటో కోసం నిలబడి ఉన్నప్పుడు ఆమె అంది. "నాను కూడా అడగాల్సింది. పొద్దున్న రెండుసార్లు వొచ్చాను, ఉంగరం తీసీమందామని. అడగలేకపోయాను."

"మొక్కలకి నీళ్లు పోత్తన్నప్పుడా?"

"సూసారా?"

"సూసాను. నీళ్లు ఎక్కువ పోత్తన్నానని సెప్పడానికొచ్చావనుకున్నాను."

* * *

వేలు మానడానికి రెండు నెలలు పట్టింది. గులాబీరంగు చర్మం వచ్చింది గానీ, దాని చుట్టూ తెల్లటి గీత ఉండిపోయింది. ఆ రెండు నెలలూ రత్నమణి ఆయనకి అన్నం కలిపి పెట్టింది. ఆదివారాలు సంఘంలో ఎవరైనా అడిగితే ఆయన ముందే, "నా మూలానే," అని చెప్పింది. పాస్టరమ్మ గారు ఏమీ అనుకోలేదు. తన భర్త ఉంగరం కిందటేడు సముద్రంలో పోయిందనీ, ఎవరికీ చెప్పలేదనీ చెవిలో చెప్పింది.

కరీం బాషా వచ్చి కెమెరాని తాళం తిప్పితేనే పనిచేసేలా కట్టాడు. బ్యాటరీ ప్లస్సుకి రబ్బరు టోపీ తొడిగాడు. జ్ఞానదాసు స్పానర్ల పిడులన్నిటికీ నల్లటేపు చుట్టించాడు. ఆ టేపు మాత్రం దగ్గర కూర్చుని రత్నమణే చుట్టింది.

ఉంగరం తీసుకుని బంగారం పని చేసే అబ్బులు దగ్గరికి వెళ్తే, ఆయన వెలుగులో తిప్పి చూసి, "అతికీమంటారా అమ్మా? గీత కూడా కనబడదు," అన్నాడు.

"వొద్దు. ఆ కోసిన కాడ అంచులు నున్నగా సెయ్యి సాలు. అలగే వొగ్గీయ్."

"సీలికలాగుంటే బాగోదు కదమ్మా."

"బాగుండక్కర్లేదు. తియ్యడానికి రావాలి."

ఆ సందు మూలాన ఉంగరం కాస్త విచ్చుకుంటుంది. కాలిన వేలు వదిలేసి ఇప్పుడు ఎడమచేతికి పెట్టుకుంటున్నాడు, తొడగడం తేలిక, తియ్యడం తేలిక.

ఒక శనివారం పొద్దున ఆమె ప్రార్థనకి కూర్చోబోతుంటే జ్ఞానదాసు గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. పాత ప్లాంటు చొక్కా వేసుకున్నాడు.

"ఏటండీ మళ్లీ?"

"వెనక లైటొకటి ఎలగట్లేదు. బల్బు మారుస్తాను."

"కరీం అన్నని పిలవకూడదా?"

"బల్బుకి కూడానా?"

ఆమె ఏదో అనబోయింది. అంతలో ఆయన ఎడమచేతి వేలి నుంచి ఉంగరం తీసి ఆమె ముందుకి చాచాడు. ఆమె అరచెయ్యి దానంతట అదే తెరుచుకుంది. ఉంగరం వెచ్చగా ఉంది. ఆమె చెయ్యి వెనక్కి తియ్యకుండా అలాగే చాచి ఉంచింది.

"ఇంకేటి?"

"కారు తాళం."

జ్ఞానదాసు జేబులోంచి తాళంచెవి తీసి అదీ పెట్టాడు. "పని సేసుకోమని ప్లాంటులోలాగ షట్‌డౌన్ ఇచ్చినట్టేనా?"

"ముందేటి ఇప్పుతారు?"

"మైనస్."

"ఇచ్చినట్టే. పని అయ్యాక నా కాడికొచ్చి తీసుకోండి. మీ అంతట మీరు తియ్యకండి."

ఆయన వెళ్లాడు. రత్నమణి తాళంచెవిని బైబిలు అరలో పెట్టి, ఉంగరాన్ని గుప్పిట్లో బిగించి కూర్చుంది. కోసిన అంచులు అరచేతిలో గుచ్చుకోలేదు, అబ్బులు బాగానే నున్నగా చేశాడు. ఏడాది తర్వాత మళ్లీ ఆ పాత ఒక్క నిమిషం ప్రార్థన దగ్గరికి వచ్చింది. మాటలు ఏవీ వెతుక్కోనక్కర్లేకుండానే వచ్చాయి. ఇంకో వాక్యమైతే ఆమెన్ దగ్గరికి చేరేదే.

"మణీ," అని షెడ్డులోంచి కేక వినిపించింది. "పదో నంబరు స్పానరు సూసావేటి?"

రత్నమణి కళ్లు తెరవకుండానే నిట్టూర్చింది. అది ఎక్కడుందో ఆమెకి తెలుసు. టేపు చుట్టింది ఆమే కదా. ప్రభువుని ఒక్క నిమిషం ఆగమని చెప్పి, ఉంగరం గుప్పిట్లోనే ఉంచుకుని లేచింది.